సౌష్ఠవం, సాపేక్షత: చెవిలోని సున్నపు పలుకుల నుంచి గుండె ఎడమవైపు దాకా

నీ ప్రశ్న ఇది: "చెన్నైలో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. సౌష్ఠవం, సాపేక్షత అనే రెండు సూత్రాలు ఫిజిక్స్‌కీ బయాలజీకీ ఉమ్మడివని క్లాసులో చెప్పారు. ఫిజిక్స్ చదివే నా రూమ్మేటేమో అదంతా మాటల గారడీ, ఐన్‌స్టీన్‌కీ జీవకణానికీ ఏం సంబంధం అంటోంది. ఎవరిది నిజం?"

అమ్మా, నేను ఇదే ఊళ్లో 34 ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా మనవరాలి వయసుదానివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను. సౌష్ఠవం విషయంలో మీ క్లాసులో చెప్పింది పూర్తిగా నిజం. సాపేక్షత విషయంలో కూడా ఆ మాట నిలుస్తుంది గానీ, దాన్ని సరైన అర్థంలో తీసుకుంటేనే. "అన్నీ సాపేక్షమే" అనే అర్థంలో తీసుకుంటే మాత్రం నీ రూమ్మేట్‌దే గెలుపు.

ముందు సౌష్ఠవం సంగతి. ధనుర్మాసంలో పొద్దున్నే మైలాపూరు వీధుల్లో నడిస్తే వాకిళ్లలో చుక్కల ముగ్గులు కనిపిస్తాయి కదా. వాటిలో నాలుగు పక్కలా ఒకేలా ఉన్న ముగ్గొకటి ఎంచుకో. నువ్వు కళ్లు మూసుకున్నప్పుడు ఎవరో ఆ ముగ్గు మొత్తాన్ని పావు చుట్టు తిప్పేశారనుకో. కళ్లు తెరిచాక, తిప్పారో లేదో నువ్వు చెప్పలేవు. అలా చెప్పలేకపోవడం పేరే సౌష్ఠవం. ఏదో ఒకటి మార్చాం, అయినా తేడా పట్టుకునే దారి లేదు. అందం, పొందిక అన్నవి ఆ తర్వాత వచ్చే మాటలు. (ఈ ముగ్గులు వట్టి అలంకారమని కొట్టిపారేయకు. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమని, ఆయన సహచరులు 1970లలో ముగ్గులకి గణితంలో వ్యాకరణమే రాశారు.)

ఫిజిక్స్‌లో ఈ ఆలోచన ఎంత దూరం వెళ్తుందో 1918లో ఎమ్మీ నోతర్ అనే జర్మన్ గణితవేత్త చూపించింది. ఒక ప్రయోగం ఇవాళ చేసినా రేపు చేసినా ప్రకృతి నియమాల్లో తేడా లేదంటే, శక్తి నిత్యత్వం దానంతటదే వచ్చి తీరుతుంది. ఇక్కడ చేసినా పక్క ఊళ్లో చేసినా తేడా లేదంటే ద్రవ్యవేగం నిలిచి ఉంటుంది. ఎటు తిప్పి చేసినా తేడా లేదంటే కోణీయ ద్రవ్యవేగం నిలిచి ఉంటుంది. ఏళ్ల తరబడి జీతం లేకుండా పాఠాలు చెప్పిన మనిషి రాసిన సిద్ధాంతం ఇది. క్లాసులో దీన్ని చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

ఇక సాపేక్షత. సెంట్రల్ స్టేషన్‌లో గూడూరు వైపు వెళ్లే బండిలో కిటికీ పక్కన కూర్చున్నావు. పక్క పట్టాల మీద ఇంకో బండి ఆగి ఉంది. ఉన్నట్టుండి మన బండి కదిలిందనిపిస్తుంది. అవతలి బండి ఆఖరి పెట్టె దాటిపోయాక చూస్తే మనం ఉన్నచోటే ఉన్నాం. 1632లో గెలీలియో చెప్పింది ఈ కోవలోదే. ఓడ అడుగున మూసిన గదిలో కూర్చున్నాం, ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగిపోతోంది. గదిలో సీతాకోకచిలుకలు ఎగిరే తీరు చూసినా, సీసాలోంచి నీటి చుక్కలు పడే తీరు చూసినా, ఓడ నడుస్తోందో ఆగి ఉందో తేల్చలేం. 1905లో ఐన్‌స్టీన్ కాంతిని కూడా ఈ గదిలోకి తెచ్చాడు. కాలమూ పొడవూ చూసేవాళ్లని బట్టి మారతాయి గానీ, కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు అన్నది ఎవరికీ మారదు. ప్రకృతి నియమాలూ మారవు. సాపేక్ష సిద్ధాంతం బరువంతా ఈ మారనివాటి మీదే ఉంది. "అన్నీ సాపేక్షమే" అనేవాళ్లు సరిగ్గా దీన్నే వదిలేస్తారు.

ముగ్గు దగ్గర చెప్పిందీ ఓడ దగ్గర చెప్పిందీ ఒకటేనని ఈపాటికి నీకు తట్టే ఉంటుంది. అక్కడ కోణం మార్చాం, ఇక్కడ వేగం మార్చాం. రెండు చోట్లా తేడా పట్టుకోలేకపోయాం. సాపేక్షత కూడా ఒక సౌష్ఠవమే. అందుకే నీ ప్రశ్నని నేను ఇలా తిరగరాసుకుంటాను: జీవి శరీరంలో "ఏది మారిస్తే తేడా తెలియదు?" అన్న ప్రశ్నకి పనుందా?

ఉంది. నాకది పుస్తకంలో కన్నా ముందు మంచం మీద తెలిసింది.

నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున కుడిపక్కకి ఒత్తిగిలాను. గది మొత్తం గిర్రున తిరిగిపోయింది. ఆపి ఉన్న సీలింగ్ ఫ్యాన్ కూడా గోడతో పాటు తిరుగుతున్నట్టే ఉంది. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నాను. అర నిమిషంలో సర్దుకుంది. మళ్లీ అటు తిరిగితే మళ్లీ అదే. బీపీ అనుకుని మా ఆవిడ ఉప్పు, పంచదార కలిపిన నీళ్లిచ్చింది. మర్నాడు ఈఎన్‌టీ డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి సగం తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి నా కళ్లలోకే చూస్తూ ఉంది. కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయట. "లోపలి చెవిలో పలుకులు జారాయి సార్, చోటు మారాయంతే" అంది. అలాగే పడుకోబెట్టి తలని ఎడమకి తిప్పింది, ఆ తర్వాత ఒళ్లంతా ఎడమపక్కకి దొర్లించింది, చివర్న లేపి కూర్చోబెట్టింది. ఒక్కో భంగిమలో కాసేపు ఆపింది. మందు లేదు, సూది లేదు. దీన్ని ఎప్లీ పద్ధతి అంటారని చెప్పింది. రెండోసారి చేసేసరికి గది తిరగడం మానేసింది.

ఆ పలుకులు కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, అంటే సున్నపురాయి. లోపలి చెవిలో జిగురులాంటి పొర మీద పరిచినట్టు ఉంటాయి. ఆ పొర కింద సన్నటి రోమాలున్న కణాలు ఉంటాయి. తల వంగితే పలుకులు బరువుకి ఒక పక్కకి జరుగుతాయి, రోమాలు వంగుతాయి, నరం మెదడుకి కబురంపుతుంది. తల వంగకుండా, బస్సు ఒక్కసారిగా ముందుకి ఉరికినా పలుకులు వెనక్కి జరుగుతాయి. అప్పుడూ అదే రోమం, అదే వంపు, అదే కబురు. ఈ రెంటిలో ఏది జరిగిందో పలుకులు చెప్పలేవు. ఎందుకు చెప్పలేవు? చెవి నాసిరకం పరికరం కాబట్టి కాదు. గురుత్వాన్నీ త్వరణాన్నీ ఒక్కచోట కూర్చుని విడదీయగల పరికరం ప్రపంచంలోనే లేదు కాబట్టి. ఇంటికప్పు మీంచి పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదన్న ఆలోచన 1907లో ఐన్‌స్టీన్‌కి తట్టింది. అందులోంచి ఎదిగిందే 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి పునాదైన తుల్యతా సూత్రం, అంటే గురుత్వాన్నీ త్వరణాన్నీ ఒక్కచోట విడదీయలేమన్నది, నీ చెవిలో ఈ నిమిషంలో కూడా పనిచేస్తోంది.

ఇది మాటల పోలిక కాదని పైలట్లకి బాగా తెలుసు. రాత్రివేళ చీకటి సముద్రం మీదికి టేకాఫ్ అవుతున్నప్పుడు బయట చూడ్డానికి దిక్కూ దిగంతమూ ఉండవు. విమానం వేగం ప్రతి సెకనుకీ మరో 2 మీటర్లు/సెకను చొప్పున పెరుగుతోందనుకో. అదే కొలతలో గురుత్వం 9.8. రెండూ కలిస్తే వచ్చే దిశ నిలువు నుంచి సుమారు 11.5 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది (కాలిక్యులేటర్‌లో టాన్ విలోమం నొక్కి చూసుకో). ముక్కు అంత మేర ఎక్కువ పైకి లేచిందని పలుకులు చెబుతాయి. ఆ మాట నమ్మి ముక్కు దించితే విమానం సముద్రంలోకే. అందుకే చీకట్లో ఒంటిని నమ్మొద్దు, ముందున్న మీటర్లనే నమ్మమని వాళ్లకి పదే పదే నేర్పుతారు.

మామూలు బతుకులో మనం ఎందుకు పడిపోవడం లేదు మరి? మెదడు ఇంకో ఇద్దరు సాక్షుల్ని పిలుస్తుంది. ఒకరు కళ్లు. రెండోవి అర్ధవర్తుల కుల్యలు, అంటే లోపలి చెవిలో ద్రవం నిండిన వంపు గొట్టాలు, చెవికి మూడేసి, దాదాపు ఒకదానికొకటి లంబంగా, గది మూలలో కలిసే మూడు గోడల్లా. తల తిరిగితే వాటిలోని ద్రవం కాస్త వెనకబడుతుంది, అలా తిరిగిన సంగతి తెలుస్తుంది. తల నిజంగా వంగితే కుల్యలు కూడా కబురంపాలి. పలుకులు జరిగాయి, కుల్యలు మాత్రం పలకలేదంటే అది బస్సు ఉరకడమే అయి ఉండాలని మెదడు తేల్చుకుంటుంది. నా చెవిలో జరిగిందేమంటే, పలుకులు ఊడి కుల్యలోకే జారాయి. తిరగని తల తిరిగినట్టు కుల్య అబద్ధపు సాక్ష్యం చెప్పింది.

ఇక్కడే సౌష్ఠవం కూడా వచ్చి చేరుతుంది. ఎడమ చెవీ కుడి చెవీ అద్దంలో బొమ్మల్లా జంట. తల కదలనప్పుడు కూడా ఆ నరాలు ఊరుకోవు. కోతుల్లో కొలిస్తే ఒక్కో నరపు పోగు సెకనుకి సుమారు 90 సార్లు పలుకుతూనే ఉంటుంది. తల ఎడమకి తిరిగితే ఎడమవైపు జోరు పెరుగుతుంది, కుడివైపు తగ్గుతుంది. మెదడు చూసేది ఈ తేడానే. రెండూ సమానంగా ఉంటే తల కదల్లేదని అర్థం. ఒక చెవి నరానికి వాపు వచ్చి అది మూగబోయిందనుకో, రెండోది ఎప్పటిలాగే మామూలుగా పలుకుతున్నా సరే, ఆ మనిషికి బాగున్న చెవివైపు తిరిగిపోతున్నట్టు ఉంటుంది. మామూలు స్థితి అంటే చప్పుడు లేకపోవడం కాదన్నమాట, రెండు చప్పుళ్లు సరితూగడం. కొన్ని వారాల్లో మెదడు త్రాసుని మళ్లీ సరిచేసుకుంటుంది, చెవి బాగుపడకపోయినా.

చెవి గురించి ఇంతసేపు రాశాను, నాకు ఇష్టమైన చోటు అది. నువ్వు బయోటెక్నాలజీ విద్యార్థివి కాబట్టి బ్యాక్టీరియా ఉదాహరణ కూడా చెప్పాలి. ఈ.కోలై పొడవు ఓ 2 మైక్రోమీటర్లు. సెకను పాటు సూటిగా ఈదుతుంది, పదో వంతు సెకను పిల్లిమొగ్గలేసి దిక్కు మార్చుకుంటుంది, మళ్లీ ఈదుతుంది. ఇంత చిన్న ఒంటికి తల దగ్గర తీపి ఎక్కువా తోక దగ్గర ఎక్కువా అని పోల్చుకోవడం గిట్టుబాటు కాదు. అందుకని ఇప్పటి రుచిని కొన్ని సెకన్ల కిందటి రుచితో పోలుస్తుంది. రుచి పట్టే గ్రాహక ప్రొటీన్ల మీద మిథైల్ గుంపులనే చిన్న అణు ముక్కలు అతుక్కోవడం, ఊడడమే దాని జ్ఞాపకం. 2010లో షోవల్, గోయంటోరో, ఆలన్, వాళ్ల సహచరులు ఒక లెక్క చెప్పారు: ఇలాంటి వ్యవస్థ చూసేది మొత్తం ఎంతుందని కాదు, ఎన్ని రెట్లు పెరిగిందని. ఆహారం 2 నుంచి 6కి పెరిగినా, 20 నుంచి 60కి పెరిగినా స్పందన ఒకేలా, ఒకే ఆకారంలో ఉండాలి. మరుసటి ఏడాదే ఈ.కోలైలో ప్రయోగం చేసి చూస్తే, ఒక పరిధిలో అలాగే ఉంది. దీన్ని ఓడ గది పక్కన పెట్టి చూడు. అక్కడ మొత్తం వేగం తెలియదు, ఇక్కడ మొత్తం గాఢత తెలియదు. ఆ పేపరు పేరులోనే సౌష్ఠవం అన్న మాట ఉంది, ఊరికే పెట్టింది కాదు: గాఢతలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించినా స్పందన మారదు. మార్పు ఏమిటో కచ్చితంగా చెప్పారు, మారనిదేమిటో కొలిచి చూపారు. నీ రూమ్మేట్‌కి ఈ ఒక్కటి చూపించినా చాలు.

సౌష్ఠవం విరగడం ఇంకా పెద్ద కథ. మనిషి గుండె ఎడమవైపు ఎందుకుంది? పిండానికి తల ఎటో తోక ఎటో తెలుసు, వీపు ఎటో పొట్ట ఎటో తెలుసు. కానీ ఆ రెండూ తెలిసినంత మాత్రాన ఎడమ ఏదో తెలియదు, ఎందుకంటే అద్దంలో చూసినా ఆ రెండూ అలాగే ఉంటాయి. కారణంలో లేని వంకర ఫలితంలోకి ఊడిపడదని పియర్ క్యూరీ 1894లో రాశాడు. అయితే ఆ వంకర ఎక్కడిది?

జపాన్‌లో నోనకా, హిరొకవా బృందం 1998లో ఎలుక పిండంలో చూసింది. పిండం పొట్టవైపు చిన్న గుంట ఉంటుంది. అందులో శైలికలు, అంటే కణాల మీది సన్నటి రోమాలు, నిమిషానికి సుమారు 600 చుట్లు, అన్నీ ఒకే వాటంలో గిరగిరా తిరుగుతుంటాయి. పైగా నిటారుగా ఉండవు, తోకవైపు కాస్త వాలి ఉంటాయి. ఒక పక్క ఊపు నేలని రాసుకుంటూ పోతుంది కాబట్టి అక్కడి ద్రవం పెద్దగా కదలదు. రెండో పక్క ఊపు నేలకి ఎత్తుగా పోతుంది, ద్రవాన్ని బాగా తోస్తుంది. మొత్తమ్మీద ద్రవం ఎడమకే పారుతుంది. ఆ పారకం అందిన వైపు "ఇది ఎడమ" అనే జన్యువులు మేలుకుంటాయి. నోనకాయే 2002లో హమదా బృందంతో కలిసి బయటి నుంచి ద్రవాన్ని కుడికి పారించి చూస్తే ఎడమ కుడి తారుమారయ్యాయి.

శైలికలు ఒకే వాటంలో ఎందుకు తిరుగుతాయి? వాటి లోపలి మోటారు ప్రొటీన్లు ఒక వాటంలోనే అమరి ఉంటాయి. ఆ ప్రొటీన్లు ఎడమచేతి వాటపు అమైనో ఆమ్లాలతో కట్టినవి. మన జన్యువులు రాసే ప్రొటీన్లన్నీ అంతే (ఎడమ కుడి లేని గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి మినహా). అద్దపు బొమ్మల్లాంటి అణువులు ఉంటాయని 1848లో పాశ్చర్ స్ఫటికాల్ని పట్టకారుతో ఏరి చూపించాడు. నీ ముక్కు కూడా వాటిని విడదీస్తుంది: కార్వోన్ అనే అణువు ఒక వాటంలో ఉంటే స్పియర్‌మింట్ పుదీనా వాసన, అదే అణువు అద్దపు వాటంలో ఉంటే సోయకూర గింజల్లోని ఘాటు.

మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ముందుకి పోలేను. గిండీ క్యాంపస్‌లో, మద్రాస్ యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్ 1954లో చర్మానికీ ఎముకలకీ బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీనుకి మూడు పోగుల నిర్మాణం ప్రతిపాదించారు. ఆ తర్వాత 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ప్రొటీను గొలుసు ఎలా మెలి తిరగగలదో పటం గీశారు. రామచంద్రన్ ప్లాట్ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. దాన్ని ఈసారి ఇలా చూడు. గ్లైసీన్ పటాన్ని నడిమి బిందువు చుట్టూ అర చుట్టు తిప్పితే మళ్లీ అదే పటం వస్తుంది, ముగ్గులాగా. ఎందుకంటే గ్లైసీన్ పక్క గొలుసు వట్టి హైడ్రోజన్, దానికి ఎడమ కుడి లేవు. ఎడమచేతి వాటమున్న అలనీన్ అనే అమైనో ఆమ్లం పటాన్ని అలా తిప్పి చూడు, కలవదు. అణువు వాటం ఆ కాగితం మీద కంటికి కనబడుతుంది. కొల్లాజెన్‌లో ప్రతి మూడో స్థానంలో గ్లైసీనే ఉండాలి, అక్కడ అంతకన్నా పెద్ద పక్క గొలుసుకి చోటు లేదు.

గుండె దగ్గరికి మళ్లీ వస్తాను. కొందరికి పుట్టుకతో శైలికలు కదలవు. వాళ్లలో గుండె కుడివైపు ఉండేది ఎంతమందికి? సుమారు సగం మందికి! పారకం లేకపోతే ఎడమా కుడీ సమానం, ఇక బొమ్మా బొరుసే. పిండం ఏదో ఒక పక్క ఎంచుకోకుండా ఉండదు, కానీ ఏ పక్కో చెప్పేవాళ్లుండరు. ఒక్కో మనిషిలో విరిగిన సౌష్ఠవం, అందరినీ కలిపి లెక్కిస్తే సగం సగంగా తిరిగి కనబడుతుంది. ఫిజిక్స్‌లో బాగా కాగిన ఇనుము చల్లారి అయస్కాంతమయ్యేటప్పుడు ధ్రువాలు ఏదో ఒక దిక్కు ఎంచుకోవడం కూడా సరిగ్గా ఇదే. దాన్ని క్లాసులో 34 ఏళ్లు చెప్పాను. గుండె సంగతి రిటైరయ్యాక చదివినప్పుడు, ఇన్నేళ్లూ పిల్లలకి ఇది చెప్పలేకపోయానే అని నిజంగా బాధపడ్డాను.

నీ రూమ్మేట్ అనుమానపడాల్సిన చోట్లు కూడా చెబుతాను. ఓడ గదిలో తేడా తెలియకపోవడం ప్రకృతి నియమం, దానికి మినహాయింపు ఇంతవరకూ దొరకలేదు. బ్యాక్టీరియా విషయం అలాంటిది కాదు. అది పరిణామంలో కుదిరిన ఏర్పాటు. గాఢత మరీ తగ్గినా మరీ పెరిగినా చెదిరిపోతుంది. ఫిజిక్స్‌లో కూడా ప్రతి సౌష్ఠవమూ పక్కా కాదులే. అద్దపు సౌష్ఠవం ప్రకృతి అంతటా చెల్లుతుందని అనుకునేవాళ్లు. 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు అనుమానపడ్డారు, వెంటనే వూ అనే శాస్త్రవేత్త కోబాల్ట్-60 మీద ప్రయోగం చేసి అది చెల్లదని తేల్చింది. అలాగే డెనిస్ నోబుల్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త 2012లో జైవిక సాపేక్షత అన్నాడు: జన్యువు, కణం, అవయవం, వీటిలో ఏ స్థాయికీ కారణత్వంలో పెద్దపీట లేదని. మీ క్లాసులో బహుశా దీన్నే చెప్పి ఉంటారు. జన్యువే సర్వస్వం అనేవాళ్లకి అది మంచి మందు, నేను కాదనను. కానీ అందులో ఏది మారిస్తే ఏది మారదో లెక్కగా రాసి చూపనంతవరకూ దాన్ని ఓడ గదితో ఒకే వరసలో కూర్చోబెట్టను.

ఇక మీ ఇద్దరూ కలిసి ఒకటి చేయండి. హాస్టల్లో గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంటే నువ్వు కూర్చుని కళ్లు మూసుకో, తల నిటారుగా ఉంచు. ఆమెని ఒకే వేగంతో, కుదుపు లేకుండా కుడికి తిప్పుతూ ఉండమను. తిరుగుతున్నంతసేపూ ఎటు తిరుగుతున్నావో వేలితో చూపిస్తూ ఉండు. అర నిమిషం గడిచేసరికి నీ వేలు ఆగిపోతుంది, కుర్చీ ఆగదు. అప్పుడు ఆమెని మెల్లగా ఆపమను. నీ వేలు ఎడమకి చూపిస్తుంది. కుల్యల్లోని ద్రవం ఏం చేసిందో మీరిద్దరూ కూర్చుని రాయండి. ఒకే వేగంతో సూటిగా పోవడాన్ని ఏ పరికరమూ పట్టలేదు, తిరగడాన్ని మాత్రం పట్టే పరికరాలున్నాయి, మరి చెవి ఎందుకు పట్టలేకపోయిందన్నది కూడా రాయండి. మెడనొప్పో తల తిరుగుడో ఉన్నవాళ్లని మాత్రం కుర్చీ ఎక్కించొద్దు. రాసింది ఇక్కడే పెట్టు, చూస్తాను.